రెండో గీత

షెడ్డు తలుపుకి లోపల్నుంచి గడియ పడి నాలుగు గంటలైంది.

పొద్దున ఎనిమిదింటికి లోపలికి వెళ్లాడు నెవిల్. టీ తీసుకెళ్తే తలుపు తియ్యలేదు. సాసేజీలు వేయించి, వచ్చి తినమని పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. గుమ్మంలో పెట్టిన టీ మీద మీగడ కట్టింది. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం, పొగమంచు ఎక్కడికీ పోకుండా టూవూంబా కొండ మీదే తిష్ట వేసింది. వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో ఆ షెడ్డు ఉందో లేదో కూడా తెలియడం లేదు.

డేమన్ మాత్రం ఆ కిటికీ వదలడం లేదు.

"అది నాది. నేను కొన్నాను. నా బండికి కొన్నాను. ముచ్చటపడి పెట్టె విప్పి చూపిస్తే, అది పట్టుకుపోయి తలుపేసుకోవడమేంటి? ఇదెక్కడి న్యాయం?"

"అరవకు," అంది టీగన్.

"అరవట్లేదు, అడుగుతున్నాను. నేనేమైనా దొంగసొత్తు తెచ్చానా?"

"నీకు నేనేం చెప్పాను? పెళ్లికి ముందే చెప్పాను. ఆ బుల్లి కారుకి ఏ రంగైనా వేసుకో, ఏ చక్రాలైనా బిగించుకో, పైకప్పు పీకి పారేసుకో. ఇంజను జోరు పెంచే ఆ టర్బో మాత్రం ఈ ఇంటి గుమ్మం తొక్కకూడదన్నానా, లేదా?"

"అన్నావు."

"మరి?"

డేమన్ తల గోక్కున్నాడు. ముప్పై మూడేళ్లవాడు. సొంత ఇల్లు పూర్తయ్యేదాకా అత్తవారింట్లో మకాం. మామగారి షెడ్డులో, మామగారి స్పానర్లతో, తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని రోజూ ముద్దు చేసుకుంటూ ఉంటాడు. ఇల్లరికపు అల్లుడికి ఉండాల్సిన జంకు మాత్రం అతగాడికి ఇంకా అబ్బలేదు.

"చవగ్గా వచ్చింది టీగ్. వాడిన సరుకే అనుకో, కానీ ఏం సరుకు! టర్బో, దాన్ని ఇంజనుకి తగిలించే మానిఫోల్డు, గాలి చల్లబరిచే పెట్టె, గొట్టాలు, అన్నీ ఒక్క బండి మీంచి దించినవి. వేరే చోట నట్టు కూడా కొనక్కర్లేదు. నేనేం గుడ్డిగా కొనలేదు. ఇరుసు రెండు వేళ్లతో పట్టుకుని ఊపి చూశాను. ఇంత కూడా కదల్లేదు. అసలు నేను వెతకనే లేదు తెలుసా? ఆ క్రెయిగ్ అనేవాడే నాకు రాశాడు, మీ బండికి సరిపోయేది ఉంది, కావాలా అని."

"ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నీకెందుకు రాస్తాడు?"

"క్లబ్బులో నా బండి ఫోటో చూసుంటాడు."

టీగన్‌కి కోపం ఉంది, కానీ ఆ కోపం ఎవరి మీద పడాలో ఆమెకే తెలియడం లేదు. మొగుడి మీదా? తలుపు తియ్యని తండ్రి మీదా? పొద్దుట్నుంచీ సరిగ్గా మాట ఆడని తల్లి మీదా?

గ్లెండా సింకు ముందు నిలబడి ఉంది. మోచేతుల దాకా పసుపు రబ్బరు తొడుగులు. కడిగిన ప్లేటే మళ్లీ కడుగుతోంది. నిన్న సాయంత్రం డేమన్ షెడ్డులో ఆ పెట్టె విప్పినప్పుడు ఆవిడ బిస్కట్ల ప్లేటుతో గుమ్మంలోకి వచ్చింది. లోపలికి ఒక్క చూపు చూసింది, ప్లేటు అక్కడే రంపపు బల్ల మీద పెట్టింది, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ఇదే వరస.

"అమ్మా, ఆ ప్లేటు అరిగిపోతుంది."

"జిడ్డుగా ఉంది తల్లీ."

"ఇందాకా అదే అన్నావు."

"ఇంకా పోలేదు మరి."

టీగన్ కోటు తగిలించుకుని పెరట్లోకి నడిచింది.

*

"నాన్నా, నేనే. డేమన్ లేడు నాతో. తలుపు తియ్."

లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. గడియ పడిన తలుపు కాసేపటికి ఒక జానెడు తెరుచుకుంది.

టీగన్ నెవిల్ ముఖంలోకి చూసింది. అరవై నాలుగేళ్ల మనిషి ఒక్క పూటలో ఎనభై ఏళ్లవాడిలా అయిపోయాడు. కుడి చెయ్యి చొక్కా మడిచి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా ముడుతలు పడి మెరిసే కాలిన మచ్చ. మూడేళ్లుగా ఎండాకాలంలో కూడా ఆ చెయ్యి మడిచేవాడు కాదు.

బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, దాని మీద టర్బో పెట్టుకున్నాడు. నత్తగుల్ల ఆకారం, నల్లటి మసి.

"తలుపు వేసెయ్," అన్నాడు. వేసింది.

"ఇది మనదే."

"మనదేంటి? డేమన్ ఎవరి దగ్గరో కొన్నాడుగా."

"మనదే తల్లీ. ఇదిగో, ఈ ఇనప పట్టీ చూడు. మూడు చుక్కలున్నాయా? సుత్తితో ఈ చేత్తో కొట్టాను. మీ అన్నయ్య ఈ స్టూలు మీదే కూర్చుని, నాలుగో చుక్క కూడా కొట్టు నాన్నా, సరిసంఖ్య బాగుంటుంది అన్నాడు. నేను కొట్టలేదు."

ఈ షెడ్డులో అన్నయ్య కీరన్ ఊసు ఎత్తి మూడేళ్లయింది. ఆ ఊసు ఇవాళ తండ్రి నోట్లోంచే వచ్చింది.

"అంటే అన్నయ్య బండి..."

"ముక్కలైంది. బండి ముక్కలు చేస్తే తప్ప ఇది ఇలా బయటికి రాదు."

"మరి అన్నయ్య?"

నెవిల్ దీపం కొంచెం దగ్గరికి లాగాడు.

ఇరవై ఆరేళ్లు దగ్గర్లోని ఓకీ సైనిక స్థావరంలో హెలికాప్టర్లు బాగుచేసిన మనిషి ఆయన. అక్కడి పద్ధతే ఇంటికీ తెచ్చాడు. ఒకడు బోల్టు బిగిస్తాడు. బిగించి, బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి రంగుతో ఒక గీత గీస్తాడు. ఆ తర్వాత రెండోవాడు వచ్చి, స్పానరు పెట్టి, తన చేత్తో చూసి, పక్కనే తన రంగు గీత గీస్తాడు. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది. నెవిల్ తెల్లరంగు, కీరన్ నారింజరంగు. పదేళ్ల వయసు నుంచీ సైకిలు నట్టుకి కూడా రెండు గీతలు లేనిదే కీరన్ ఎక్కేవాడు కాదు. చూడకుండా రెండో గీత గీశావనడం కన్నా పెద్ద తిట్టు ఈ షెడ్డులో లేదు.

ఆ తిట్టే తిట్టాడు నెవిల్, మూడేళ్ల కింద, ఆసుపత్రి మంచం మీంచి. కొండెక్కే కార్ల పోటీకి ముందు కీరన్ బండి సరిచూస్తుంటే నూనె కారి ఇంజనుకి నిప్పంటుకుంది. ఆర్పబోయి ఆయన చెయ్యి కాల్చుకున్నాడు. "ఆ నూనె గొట్టం బోల్టు వదులైంది. నువ్వు చూడకుండానే గీత గీశావురా," అన్నాడు కొడుకుతో. కీరన్ కాలిన బండిని లారీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఇక ఈ గుమ్మం తొక్కలేదు.

"ఇటు చూడు," అన్నాడు నెవిల్. "వేడి తగిలేవైపు గీతలన్నీ మాడిపోయాయి. చల్లటి వైపువి మిగిలాయి. ఇవన్నీ ఇక్కడ గీసినవి కావు, తర్వాత గీసినవి. మొదటి గీత ఏ రంగు?"

"నారింజ."

"అంటే బిగించింది వాడు. రెండోది?"

టీగన్ వంగి చూసింది. నారింజ గీత పక్కన ఎర్రదనమూ గులాబీదనమూ కలిసిన మరో గీత. పగడపు రంగు. దీపం వెలుగులో నున్నగా మెరుస్తోంది.

"ఇదెవరిది?" అన్నాడు నెవిల్.

"నాకేం తెలుసు నాన్నా."

"ఈ రంగు పెన్ను ఏ కొట్టులోనూ దొరకదు. నలభై ఏళ్లలో ఎవడి చేతిలోనూ చూళ్లేదు. గీత చూడు, ఎంత వంకరో! పని తెలిసిన చెయ్యి కాదు. కానీ వాడు బిగించిన ప్రతి బోల్టుకీ ఉంది. ఒక్కటి కూడా వదల్లేదు. పొద్దుట్నుంచీ లెక్కపెడుతున్నాను."

"ఎవరో స్నేహితుడై ఉంటాడు."

"వాడి బోల్టు చూసే స్నేహితుడా?" అన్నాడు నెవిల్. "వాడి బోల్టు నేను చూడాలి. నా బోల్టు వాడు చూడాలి. ఎవడు వీడు మధ్యలో? ఎవడికిచ్చాడు వాడు నా చోటు?"

తండ్రి ఏడుస్తాడేమోనని టీగన్‌కి భయం వేసింది. ఆయన ఏడవలేదు. టర్బోని రెండు చేతులా పట్టుకుని ఒళ్లోకి తీసుకున్నాడు. అప్పుడు గమనించింది ఆమె. కుడిచేతి బొటనవేలు కింది భాగంలో ఒకే చోట ఆనించి ఉంచాడు. మళ్లీ బల్ల ముందు కూర్చున్నప్పటి నుంచీ ఆ వేలు అక్కడి నుంచి కదల్లేదు.

"ఆ వేలి కింద ఏముంది నాన్నా?"

"ఏమీ లేదు."

"చూడనీ."

"ఏమీ లేదన్నానా!" కసిరాడు. మరుక్షణం గొంతు తగ్గించాడు. "ఆ క్రెయిగ్ నంబరు నీ మొగుడి దగ్గరుంటుంది. ఎవరి దగ్గర కొన్నాడో కనుక్కో. నా పేరు చెప్పకు."

టీగన్ తలుపు దాకా వెళ్లింది.

"అమ్మ ఏం చేస్తోంది?" అని వెనక నుంచి అడిగాడు.

"గిన్నెలు కడుగుతోంది."

"నిన్న రాత్రి కూడా కడిగింది," అన్నాడు నెవిల్. గడియ మళ్లీ పడింది.

*

వరండాలో నిలబడి ఫోన్ చేసింది. డేమన్ పక్కనే చెవి రిక్కించుకుని నిలబడ్డాడు.

"క్రెయిగ్‌ని. ఎవరు?"

"నిన్న మీ దగ్గర టర్బో సామాను కొన్నారే, గాటన్ పెట్రోలు బంకు దగ్గర, ఆయన భార్యని."

"ఆ, ఆ. చేరిందా? పెట్టె విప్పారా?"

"విప్పాం. మీరెవరి దగ్గర కొన్నారు అది?"

అవతల కుక్క మొరగడం వినిపించింది.

"అది చెప్పకూడదమ్మా. మాటిచ్చాను."

"ఎవరికి మాటిచ్చారు? పొడుగ్గా, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉన్నవాడికా? నేనతని చెల్లెల్ని."

మళ్లీ కుక్క మొరిగింది. నోర్ముయ్ అని దాన్ని కసిరాడు క్రెయిగ్.

"చెప్పండి. బతికే ఉన్నాడా? అదొక్కటి చెప్పండి చాలు."

"అయ్యో, అదేం మాటమ్మా! నిక్షేపంలా ఉన్నాడు. వార్విక్ అవతల షెడ్డు అద్దెకి తీసుకుని ట్రాక్టర్లు బాగుచేస్తుంటాడు. బండి ముక్కలు చేసి అమ్మేశాడు. సోమవారం పొద్దున పడమర గనుల్లో పనికి బయల్దేరుతున్నాడు. నాలుగైదు రోజుల ప్రయాణం. అక్కడే ఉండిపోతాడట."

టీగన్ వరండా రెయిలింగు పట్టుకుంది. ఇవాళ శనివారం.

"ఒక్క సంగతి మాత్రం నాకూ అర్థం కాలేదు," అన్నాడు క్రెయిగ్. మంచివాడే, మాట పొట్టలో దాగదు. "సామాను కడిగి శుభ్రం చేసి ఇద్దామని గుడ్డ తీశాను. గభాల్న నా చెయ్యి పట్టుకున్నాడు. కింది వైపు తుడవద్దు, మసి అలాగే ఉండాలి అన్నాడు. అమ్ముకునే సరుకు మసితో ఉండాలనేవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు."

"మరి మా ఆయనకి మీరే ఎందుకు రాశారు? మీకు ఆయనెవరో తెలియదుగా."

"ఇంక నన్నేమీ అడక్కమ్మా," అనేసి క్రెయిగ్ ఫోన్ పెట్టేశాడు.

డేమన్ నోరు వెళ్లబెట్టాడు. "నాకు రాయమని అతనికి ఎవరు చెప్పారు టీగ్? నాకేం అర్థం కావట్లేదు."

"నాకు మాత్రం ఏం అర్థమైందని!" అంది టీగన్. నిజంగానే ఆమె బుర్ర తిరిగిపోతోంది. అన్నయ్య గంట దూరంలో ఉన్నాడు. మూడేళ్లుగా గంట దూరంలోనే ఉన్నాడు. వార్విక్! అమ్మ ప్రతి గురువారం పాటల బృందానికని వెళ్లే ఊరు. ఒక్కసారైనా రోడ్డు మీద ఎదురుపడలేదా?

*

"అమ్మా, నీళ్లు కట్టు. కూర్చో."

"పని ఉంది తల్లీ."

"అన్నయ్య సంగతి."

కుళాయి ఆగింది. గ్లెండా తిరిగి చూడలేదు.

"ఆ టర్బో అన్నయ్యది. బండి అమ్మేశాడు. వార్విక్ అవతల ఉంటున్నాడట ఇన్నాళ్లూ. సోమవారం పడమరకి వెళ్లిపోతున్నాడు. గనులకి. ఇంక రాడు."

"సోమవారమా?"

గ్లెండా గొంతు వినబడీ వినబడనట్టుగా ఉంది. గిరుక్కున తిరిగింది. "సోమవారమని ఎవరన్నారు? లేదు. నాకు చెప్పకుండా ఎలా వెళ్తాడు?" అంటూ పసుపు తొడుగులు రెండూ లాగి సింకులో పారేసి, ఫ్రిజ్ మీదున్న తన ఫోన్ అందుకుంది. ఏదో నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. "నిన్న రాత్రి నుంచీ ఎత్తట్లేదు," అంది తనలో తాను.

టీగన్ ఆ మాటలు వినలేదు. ఆమె చూపు తల్లి చేతి మీదే ఉండిపోయింది.

పది వేళ్లకీ గోళ్లరంగు. ఎర్రదనమూ గులాబీదనమూ కలిసిన రంగు. పగడపు రంగు.

చాలా ఏళ్లుగా అదే రంగు. నలుగురికీ తెలిసిన రంగు. రోజూ పొద్దున టోస్టు మీద వెన్న రాసేటప్పుడు కళ్ల ముందు కదిలే రంగు. అది చూసి చూసి ఎవరికీ పట్టకుండా పోయింది.

"అమ్మా," అంది. ఇంకేం అనాలో తెలియలేదు. "అమ్మా, నువ్వా?"

గ్లెండా తన చేతుల వంక చూసుకుంది. దాచబోయి, మానేసింది. ఫోన్ బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

"రెండో గీత లేకుండా వాడు బండి తియ్యడు కదే," అంది. "నీకు తెలుసుగా వాడి సంగతి. ఒక్కడూ బిగించుకుని, ఆ బండి ముందు తెల్లమొహం వేసుకుని కూర్చునేవాడు. ఎవరున్నారు వాడికి చూడ్డానికి? స్పానరు ఎలా పట్టుకోవాలో వాడే చెప్పాడు. చూశాను. గియ్యడానికి నా దగ్గర రంగు పెన్నెక్కడిది? సంచిలో ఇదే ఉంది."

"పాటల బృందం?"

"మొదటి రెండు వారాలు నిజంగానే వెళ్లాను."

"మూడేళ్లు! మూడేళ్లు అన్నయ్య కోసం నేను ఏడ్చాను. నువ్వు నా పక్కన కూర్చుని వీపు నిమిరావు. ఎలా ఉన్నాడోనని నాతో పాటు నువ్వూ కళ్లు తుడుచుకున్నావు. ఎలా చేశావమ్మా ఆ పని?"

"ఒట్టేయించుకున్నాడే."

"అయితే నేనేమైపోయినా ఫరవాలేదా?"

డేమన్ గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. తన టర్బో కోసం మొదలైన గొడవ ఎక్కడికి పోతోందో అతనికి అంతుపట్టడం లేదు.

"మొన్న గురువారం కూడా వెళ్లాను," అంది గ్లెండా నెమ్మదిగా. "బండి మీద గుడ్డ కప్పి ఉంది. చలికి కప్పాననుకున్నాను. బోల్టులు చూడనా అంటే, ఈ వారం ఏమీ విప్పలేదమ్మా, టీ తాగుదాం అన్నాడు. కూర్చుని టీ తాగి, కబుర్లు చెప్పి వచ్చేశాను. గుడ్డ ఎత్తి చూళ్లేదు. మూడేళ్లలో ఆ ఒక్క గురువారమే నేను చూడంది."

పెరటి తలుపు దగ్గర చప్పుడైంది.

నెవిల్ నిలబడి ఉన్నాడు, టర్బో గుండెలకి ఆనించుకుని. ఎప్పట్నుంచి వింటున్నాడో! హెలికాప్టర్ల రొదకి ఆయన కుడి చెవి ఏనాడో పోయింది, కానీ ఎడమది బాగానే పనిచేస్తుంది.

"నువ్వా గ్లెండా?" అన్నాడు.

"నేనే నెవ్."

"నా పక్కనే పడుకుంటూ..."

"అవును. నీ పక్కనే పడుకుంటూ. ఇప్పుడు తిట్టు. ఎంత తిడతావో తిట్టు." గ్లెండా లేచి నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ గొంతు ఇంత ఎప్పుడూ లేవలేదు. "ఆస్పత్రిలో వాణ్ణి నువ్వా మాట అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. వాడి ముఖం నేను చూశాను, నువ్వు చూళ్లేదు. చూడకుండా గీత గీశావన్నావు, వాడి ముఖం చూడకుండా ఆ మాటన్నావు!"

నెవిల్ తిట్టలేదు. నడిచి వచ్చి, తెల్లటి టేబుల్‌క్లాత్ మీద ఆ మసి సామాను పెట్టాడు. బొటనవేలు తీశాడు.

"డేమన్," అన్నాడు. "ఇలా రా. ఈ బోల్టు సంగతి నీకేమీ తెలియదు. అందుకే అడుగుతున్నాను. ఏం కనబడుతోందో చెప్పు."

డేమన్ బెరుకు బెరుగ్గా వంగాడు. నూనె గొట్టం టర్బోకి కలిసే చోట చుట్టూ మసి. నెవిల్ వేలు పెట్టి తుడిచిన మేర రూపాయి బిళ్లంత శుభ్రంగా ఉంది.

"ఒక బోల్టు. దాని మీద తెల్ల గీత, పక్కన నారింజ గీత."

"విరిగాయా?"

"లేదు. రెండూ తిన్నగా ఉన్నాయి. ఈ బోల్టు బిగించాక కదల్లేదు."

"ఆ మసి ఎప్పటిది?"

"నిప్పంటుకున్నప్పటిదేమో..." డేమన్ ఆగిపోయాడు. నెవిల్ చేతి మీద మచ్చ వంక చూసి, చప్పున తల దించుకున్నాడు.

"కింద, వాడు తర్వాత తొడిగిన రబ్బరు గొట్టం ఉంది. అది లాగి చూశాను," అన్నాడు నెవిల్. "లోపలి ఇనప గొట్టం తెగింది. తెగింది ఎక్కడో తెలుసా? నేను వెల్డింగు పెట్టిన చోట. నా అతుకు ఊడింది. బోల్టు బాగానే ఉంది. వాడు చూశాడు. చూసే గీశాడు."

కుళాయి లోంచి ఒక్కొక్క చుక్కా సింకులోని రబ్బరు తొడుగు మీద పడుతోంది.

"నీకు తెలుసా ఇది?" అని భార్యని అడిగాడు.

"తెలుసు. మొదటి నెల్లోనే చూపించాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తానన్నాను. కాళ్లావేళ్లా పడ్డాను. వద్దన్నాడు. ఒకరు చెప్తే నమ్మడం మనింట్లో లేదమ్మా, నాన్నే వచ్చి తన కళ్లతో చూడాలి, తన చేత్తో పట్టి చూడాలి అన్నాడు. నువ్వు వెళ్తావని చూశాను. ఏడాది చూశాను, రెండేళ్లు చూశాను. నువ్వు కదల్లేదు."

"ఎక్కడుంటాడో నాకెలా తెలుస్తుంది!"

"ఎప్పుడైనా అడిగావా నెవ్?"

నెవిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

టీగన్‌కి ఇప్పుడు ఒక్కొక్కటే తెలిసొస్తోంది. క్రెయిగ్ తనంతట తానే డేమన్‌కి రాయడం. సగానికి సగం ధర. తుడవద్దన్న మసి. తండ్రి తన దగ్గరికి రాడని తేలిపోయాక, ఆ బోల్టునే ఇంటికి పంపించాడు కీరన్.

నెవిల్ జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు వెతకలేదు, వేళ్లతో ఒక్కొక్క అంకే నొక్కాడు. మూడేళ్లుగా నొక్కని నంబరు కంఠతా ఉందన్నమాట. చెవి సరిగా వినబడదు కనక ఆయన ఎప్పుడూ ఫోన్ స్పీకరు మీదే పెడతాడు. బల్ల మీద, టర్బో పక్కన పెట్టాడు.

రాత్రంతా తల్లి చేస్తే ఎత్తని ఫోన్ కీరన్ ఒక్క మోతకే ఎత్తాడు.

"చూశావా నాన్నా?"

అదే గొంతు. కాస్త బరువెక్కింది. గ్లెండా చేత్తో నోరు మూసుకుంది.

నెవిల్ ఫోన్ మీదికి వంగాడు.

"చూశాను."

"బోల్టు?"

"కదల్లేదురా."

అవతల ఏదో పెద్ద హోరు దగ్గరికొచ్చి దాటిపోయింది. దాని వెనక మరొకటి.

"అయితే చాలు," అన్నాడు కీరన్. ఫోన్ ఆగిపోయింది.

"చాలేంటి? ఏం చాలు? ఒరేయ్!" నెవిల్ మళ్లీ నొక్కాడు. ఈసారి మోగనే లేదు. మళ్లీ నొక్కాడు. స్విచ్ ఆపేసి ఉందని ఆడగొంతు చెప్పింది.

నెవిల్ తల ఎత్తాడు. "దారి చెప్పు గ్లెండా. వార్విక్ దాటాక ఎటు? సోమవారం దాకా ఉన్నాడుగా. ఇప్పుడే వెళ్దాం."

"నా బండి వాకిట్లోనే ఉంది," అన్నాడు డేమన్, తాళం చెవి ఆయన చేతిలో పెడుతూ. "రెండే సీట్లు. మీరిద్దరూ వెళ్లండి. ఆ టర్బో ఇక్కడే ఉండనీ. అది నాది కాదు."

నెవిల్ అప్పటికే నడవలో ఉన్నాడు. గ్లెండా కోటు ఒక చెయ్యే తొడుక్కుని, రెండో చెయ్యి దొరక్క తడుముకుంటోంది. టీగన్ వెళ్లి పట్టుకుంది. తల్లి మీద కోపం ఇంకా అలాగే ఉంది, అయినా పట్టుకుంది.

"అమ్మా," అంది చెవి దగ్గర, తండ్రికి వినబడకుండా. "అన్నయ్య షెడ్డు పెద్ద రోడ్డు పక్కనా?"

"కాదే. మట్టి రోడ్డు చివర, మేత పొలాల మధ్య. గాలి వీస్తే తప్ప చప్పుడే ఉండదు. ఎందుకు?"

ఫోన్లో వినబడిన ఆ హోరు టీగన్ చెవుల్లో ఇంకా ఉంది. పెద్ద లారీలు. ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. అన్నయ్య సోమవారం దాకా ఆగలేదు.

బయట పొగమంచులో నెవిల్ హారను కొట్టాడు.